పద్నాలుగో నిబంధన

మొదటి రోజే అతను ఆ అమ్మాయి చేత చీవాట్లు తిన్నాడు. ఆ చీవాట్లని నలుగురిలో పైకి చదివింది కూడా అతనే.

ఇందులో అతని తప్పేమీ లేదు. అంతా కమిటీ అధ్యక్షురాలు పెట్టిన పద్ధతి. కుక్కల్ని పెంచి అమ్మే బ్రీడర్లకీ, దిక్కులేని జంతువుల్ని చేరదీసే షెల్టర్లకీ ఉన్న పాత నిబంధనలు ఎందుకూ కొరగాకుండా పోయాయని, కొత్తవి రాయడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. దానికి పెద్ద ఒక రిటైర్డ్ జడ్జిగారు. ముప్పై ఏళ్ళు కోర్టులో కూర్చుని ఆవిడ ఒక సంగతి కనిపెట్టారు. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ మనిషి వినడు, తను చెప్పబోయేది కూడబలుక్కుంటూ ఉంటాడు. అందుకని ఇక్కడ ఎవరి పిటిషన్ వాళ్ళు చదవకూడదన్నారు. ఎదుటి పక్షం వాళ్ళు చదవాలి, చివరి అక్షరం దాకా. ఆ తర్వాతే తమ అభ్యంతరం చెప్పుకోవాలి.

అలా ఆ బుధవారం ఉదయం షెల్టర్ల తరఫున వచ్చిన అతను లేచి, బ్రీడర్ల తరఫున వచ్చిన అమ్మాయి రాసిన కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు.

“షెల్టర్లు నడిపేవాళ్ళకి కుక్కల మీద ప్రేమ ఎక్కువ, కుక్కల గురించి తెలిసింది తక్కువ,” అని మొదలుపెట్టాడు. వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. “ఇరవై కుక్కల్ని ఒక్క గదిలో తోసి దానికి కరుణ అని పేరు పెట్టుకుంటారు. అదే పని మేం చేస్తే క్రూరత్వం అంటారు.”

తర్వాతి వాక్యం ‘బ్రీడర్’ అన్న మాటతో మొదలైంది. అక్కడ అతను ఆగిపోయాడు.

చిన్నప్పటి నత్తి అది. మామూలుగా మాట్లాడుకునేటప్పుడు రాదు. నిలబడి కాగితం చూసి పైకి చదవాల్సి వస్తే మాత్రం, మాట మొదట్లో ‘బ’ ఉంటే చాలు, పెదవులు అంటుకుపోతాయి. ఆ కాగితాల్లో బ్రీడర్లు పదకొండు చోట్ల ఉన్నారు, బోనులు ఆరు చోట్ల. ప్రతిచోటా అతను ఆగాడు, చెమట తుడుచుకున్నాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. బ్రీడర్ల సంఘం పెద్ద, గుబురు మీసాలాయన, మూడోసారి పైకే నవ్వాడు. ఆ అమ్మాయి కుర్చీలోంచి వెనక్కి తిరిగి ఆయన్ని ఒక్క చూపు చూసింది. మీసాలు సర్దుకున్నాయి.

తర్వాత ఆమె వంతు. అతను రాసింది ఆమె వార్తలు చదివినట్టు తొణక్కుండా చదివింది. తల్లి కుక్క ఒంట్లో శక్తి పుంజుకోకముందే మళ్ళీ ఈనించేవాళ్ళ గురించి, కళ్ళు సరిగ్గా తెరవని కూనల్ని అట్టపెట్టెల్లో పెట్టి పంపించేవాళ్ళ గురించి. “వీళ్ళకి కుక్క ప్రాణం కాదు, సరుకు,” అన్న వాక్యం దగ్గర మాత్రం తలెత్తి అతనికేసి చూసి, మళ్ళీ కాగితంలోకి వెళ్ళిపోయింది. రాసేటప్పుడు ఆ వాక్యం చాలా బాగుందనుకున్నాడు అతను. ఆమె నోట వింటే చెంప ఛెళ్ళుమన్నట్టుంది.

బయటికి వచ్చేసరికి వాన. మెట్ల మీద ఇద్దరూ చెరో స్తంభం దగ్గర నిలబడ్డారు.

“అంత పొడుగు కాగితం చదివించాను. ఏమీ అనుకోకండి,” అంది ఆమె.

అతనికి అది జాలిలా వినబడింది. “జాలి మీ కుక్కల మీద చూపించండి,” అన్నాడు.

“వాటికి జాలి అక్కర్లేదండీ. వేళకి తిండి పెడితే చాలు,” అని ఆమె గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం షెల్టర్‌లో ఒక గజ్జి కుక్కకి మందు రాస్తూ అతను ఇదంతా బావకి చెప్పాడు. బావ పశువుల డాక్టరు. అతని అక్క భర్త. ఈ షెల్టర్ అక్క పెట్టింది. అక్క పోయి ఏడాదిన్నర అయింది. గేటు పక్కన ఆమె కుర్చీ ఇంకా అక్కడే ఉంది. అందులో ఎవరూ కూర్చోరు, దాన్ని తీసెయ్యమని ఎవరూ అనరు.

“అయితే ఎదుటి పక్షం అందంగా ఉంటుందా?” అన్నాడు బావ, కుక్క చెవిలోకి చూస్తూ.

“నేను తిట్లు తిని వచ్చానంటే అదా నువ్వు అడిగేది?”

“తిట్లు నువ్వే చెప్పావు కదరా. చెప్పనిది అడుగుతున్నాను.”

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి మాటల్లో ఆమె పేరు ఎదుటి పక్షం అయిపోయింది.

రెండో బుధవారం ఆమె కాగితం అందుకునేటప్పటికి అతని అరచేతులు తడిసిపోయి ఉన్నాయి. విషయం బోనుల కొలతలు. గండం గడిచేది కాదనుకున్నాడు. కానీ మొదటి పేజీ అయిపోయింది, రెండోది అయిపోయింది, మాట ఎక్కడా అడ్డుపడలేదు. కూర్చున్నాక అతనికే ఆశ్చర్యం వేసింది. మూడో బుధవారం కూడా అంతే. ఇన్నేళ్ళ నత్తి వదిలిపోయిందేమోనని ఇంటికి వెళ్ళి దినపత్రిక తీసి గోడకి ఎదురుగా నిలబడి చదివాడు. మొదటి పేరాలోనే పెదవులు అంటుకుపోయాయి. మరి అక్కడెలా చదవగలిగాడో అర్థం కాలేదు.

అర్థం కానిది ఇంకొకటి కూడా జరిగింది. తన పిటిషన్ రాసుకునేటప్పుడు అతని పెన్ను నెమ్మదించింది. ఇంతకుముందు ఎదుటివాడికి తగలాలని రాసేవాడు. ఇప్పుడు, ఈ మాట రేపు ఆమె నోటితో అనాలి కదా అనిపించేది. ‘లాభాపేక్ష’ అని రాసి కొట్టేసేవాడు. ‘నిర్దయ’ అని రాసి కాసేపు చూసి అదీ కొట్టేసేవాడు. కొట్టేయగా మిగిలింది చూస్తే అందులో వాదన మాత్రమే ఉండేది. తల్లి కుక్కకి ఏడాదికి ఒక్క ఈత చాలు. ఎనిమిది వారాలు నిండని కూనని తల్లి నుంచి వేరు చేయవద్దు. వాటికి ఆమె కూడా పెద్దగా అడ్డు చెప్పేది కాదు. ఆమె అడిగినవి అతను ఒప్పుకోక తప్పేది కాదు. షెల్టర్‌కి కొత్తగా వచ్చిన కుక్కని పది రోజులు విడిగా ఉంచాలంది. నిజమే, పోయిన ఏడాది అలా విడిగా ఉంచకే అతను పదమూడు కూనల్ని పోగొట్టుకున్నాడు. ఆ మాట అతను సభలోనే లేచి చెప్పాడు. ఎదుటి పక్షం ముందు ఎవరూ ఒప్పుకోని తప్పు అది. ఆమె పెన్ను ఆపి అతనికేసి చూసింది. ఈసారి చూపు వెంటనే కాగితంలోకి వెళ్ళిపోలేదు.

“మీ ఇద్దరి కాగితాలూ వారం వారం పొట్టిగా, మర్యాదగా తయారవుతున్నాయి,” అన్నారు జడ్జిగారు. “ఇలాగే సాగితే ఈ నిబంధనలు జనానికి అర్థమయ్యే ప్రమాదం ఉంది.”

ఏడో వారం కమిటీ రెండు పక్షాల చోట్లూ చూడటానికి బయలుదేరింది. ముందు షెల్టర్. ఆమె ఒక్కో గది ముందు ఆగి కుక్కల్ని లెక్కపెట్టుకుంది గానీ ఏమీ అనలేదు. గేటు దగ్గర ఖాళీ కుర్చీలో కమిటీ గుమాస్తా కూర్చోబోతుంటే, ఎవరు చెప్పారో ఏమో, ఆమే అతన్ని ఆపి వేరే కుర్చీ తెచ్చి వేసింది.

మధ్యాహ్నం ఆమె ఇల్లు. వెనక పొడుగాటి షెడ్డు, దాంట్లో విడివిడిగా గదులు, గదికొక తల్లి. తండ్రి పోతూ పోతూ వదిలిపెట్టి వెళ్ళింది అదే. తల్లీ కూతురూ దాని మీదే బతుకుతున్నారు. కూనల్ని రోజూ తూచే చిన్న త్రాసు, గోడకి వేలాడే తూకాల పట్టిక, వెచ్చదనం కోసం పైన వేలాడదీసిన ఎర్ర దీపం. ఈనడం మానేసిన ముసలి కుక్క ఒకటి వంటింటి గుమ్మంలో ఆమె తల్లి పాదాల మీద తల పెట్టుకుని పడుకుంది. అలాంటివి ఇంకా నాలుగు ఉన్నాయట. వాటిని షెల్టర్ గుమ్మంలో వదిలేసి రావడం బ్రీడర్లలో మామూలే. ఈ ఇంట్లో మాత్రం అవి చచ్చేదాకా వంటిల్లు ఏలుకుంటాయని తల్లి చెప్పింది.

అందరూ షెడ్డు కొలుస్తుంటే అతను మంచినీళ్ళకని లోపలికి వచ్చాడు. బల్ల మీద వచ్చే వారం పిటిషన్ చిత్తుప్రతి ఉంది. చదవడం తప్పని తెలుసు. కానీ కొట్టివేతలు కళ్ళని లాగాయి. ‘బ్రీడర్’ మీద గీత, పైన ‘పెంపకందారు’. ‘బోను’ మీద గీత, పైన ‘గూడు’. ‘బరువు’ మీద గీత, పైన ‘తూకం’. ‘బాధ్యత’ ఒకచోట రెండుసార్లు కొట్టేసి, ఏం రాయాలో తోచక ఖాళీ వదిలేసింది.

అతను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“వారం వారం ఇదే వరస బాబూ,” అంది తల్లి స్టవ్ దగ్గర్నుంచి. “రాసుకోవడం, తలుపేసుకుని పైకి చదువుకోవడం, కొట్టేసుకోవడం. అవతల చదివే ఆయన ఎవరో గానీ, దీని చేత ఇన్ని దిద్దించిన మేష్టారు బళ్ళో కూడా లేడు.”

చదివే ఆయన తనేనని అతను చెప్పలేదు. నీళ్ళు తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

తిరిగి వెళుతూ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇన్ని వారాలుగా ఒక మనిషి, తనకి ఒక్క ముక్క చెప్పకుండా, తన దారిలో రాళ్ళు ఏరుతూ ఉంది. అది తెలిశాక ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు, తన దగ్గర తనకి. ఆమె కావాలి. పొద్దున్నే ఆ త్రాసు పక్కన, సాయంత్రం షెల్టర్ గేటు పక్కన, ఆమె కావాలి.

అప్పుడే పద్నాలుగో నిబంధన గుర్తొచ్చింది.

అది అతనే అడిగింది. అక్క నడిపిన రోజుల్లో షెల్టర్‌లో ఒక మేనేజరు ఉండేవాడు. మంచి జాతి కుక్క ఏదైనా వస్తే రిజిస్టరులో చచ్చిపోయిందని రాసి, వెనక గేటులోంచి ఒక బ్రీడర్‌కి పంపేసేవాడు. ఆ బ్రీడర్ అతనికి చుట్టమని అక్కకి తెలిసింది. ఆ మంట ఆమెలో చివరిదాకా చల్లారలేదు. ఆసుపత్రి మంచం మీద తమ్ముడి చేత కాగితం తెప్పించుకుని రాసింది: ‘బ్రీడర్లతో రక్తసంబంధం గానీ పెళ్ళి సంబంధం గానీ ఉన్నవాళ్ళు షెల్టర్ నడపకూడదు, అందులో పని చేయకూడదు.’ ఎప్పటికైనా ఇది చట్టంలోకి ఎక్కించమంది. కమిటీ పడగానే అతను మొట్టమొదట పంపిన కోరిక అదే. ముసాయిదాలో దానికి పద్నాలుగో స్థానం దొరికింది.

ఇప్పుడు ఆమెని చేసుకోవాలంటే అక్క షెల్టర్ వదిలిపెట్టాలి. లేదా ఆమె తండ్రి ఇచ్చిన కుక్కల్ని వదులుకోవాలి. లేదా తను అక్క చివరి మాటని చేత్తో చింపెయ్యాలి. ఎవరో తీసిన గొయ్యి అయితే తిట్టుకోవచ్చు. ఇది తను తీసి, కొలతలు కూడా తనే ఇచ్చిన గొయ్యి.

పద్నాలుగోది చర్చకి వచ్చిన బుధవారం హాల్లో జనం పల్చగా ఉన్నారు. పద్ధతి ప్రకారం ఆమె లేచింది, అతని కాగితం అందుకుంది, చదివింది. అక్క పడ్డ కష్టం, మేనేజరు చేసిన మోసం, ఆసుపత్రిలో రాసిన ఆ రెండు పంక్తులు. ‘పెళ్ళి సంబంధం’ అన్నచోట కూడా ఆమె గొంతు వణకలేదు. అతను ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు ఆమె కాదంటే తనకో దారి దొరుకుతుందని ఆశ. కాదనకపోతే తన మీద ఆమెకి ఏమీ లేదన్నమాటేనని భయం.

“పెంపకందారుల అభ్యంతరం?” అన్నారు జడ్జిగారు.

“ఏమీ లేదండీ,” అంది ఆమె.

“పిటిషన్ వేసినాయన ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?”

అతను లేచాడు. ఆమె అప్పటికే కాగితాలు సర్దుకుంటోంది. ఏమీ లేదని చెప్పి కూర్చున్నాడు.

మెట్ల మీద ఒక్క క్షణం ఎదురుపడ్డారు. నిబంధన చాలా బాగుందనీ, అతని అక్కగారు ముందుచూపు గలవారనీ ఆమె అంది. అవునన్నాడు అతను. వాన లేదు, గొడుగు విప్పే పనైనా లేదు. ఇంకేం చేయాలో తోచక ఇద్దరూ చెరో వైపు వెళ్ళిపోయారు.

దాంతో వారం వారం విచారణలు ముగిశాయి. ముసాయిదా అచ్చువేసి, ముప్పై రోజుల్లో అభ్యంతరాలు పంపమన్నారు, వాటి మీద ఆఖరి విచారణ ఒకటి ఉంటుందన్నారు.

బుధవారాలు మాత్రం ఆగలేదు. మొదటి బుధవారం అతను అలవాటు కొద్దీ చొక్కా ఇస్త్రీ చేసుకుని, ఎక్కడికి వెళ్ళాలో గుర్తు రాక, అదే చొక్కాతో కుక్కలకి స్నానాలు చేయించాడు. రెండో బుధవారం ఆమె పిటిషన్ల నకళ్ళు తీసి, మొదటిది పక్కన పెట్టి, మిగతావి వరసగా పెట్టుకున్నాడు. కమిటీ ప్రతి పక్షానికీ ఒక నకలు ఇచ్చింది. తిండి పెట్టే వేళ గిన్నెలు పరిచి, కుక్కలు తింటూంటే వాటికి చదివి వినిపించాడు. గూళ్ళ కొలతలు, నీళ్ళ తొట్టెలు, టీకాల వరస. ఒక్క మాట దగ్గర కూడా ఆగలేదు. తన గొంతు ఇంత తేలిగ్గా, ఇంత బాగా సాగడం అతను ఎన్నడూ వినలేదు. ఆ గొంతు తనకి ఆమె ఇచ్చింది. తిరిగి ఇద్దామంటే ఆమె ఎక్కడా ఎదురుపడటం లేదు.

మధ్యలో ఒక రోజు వాన పట్టుకుంది. గేటు దగ్గర గొడుగు కనిపిస్తే పరుగున వెళ్ళాడు. పాలు పోసేవాడు.

“ఎదుటి పక్షం ఇల్లు ఇక్కడికి నాలుగు స్టాపులు,” అన్నాడు బావ, ఒక కుక్క కాలికి కట్టు కడుతూ.

“వెళ్ళి ఏం చెప్పను? మా అక్క రాసిన రూలు మీకు తెలుసు కదా, దాన్ని దాటి మిమ్మల్ని ప్రేమించాను అని చెప్పనా?”

“రూలు దొంగల కోసం రాసింది మీ అక్క. నువ్వు దొంగవా?”

“కాను. అయినా అందరికీ పడితేనే కదా బావా అది రూలు. నాకు అడ్డం వచ్చిందని ఎలా తీసెయ్యమంటాను? అక్క ఆఖరిసారి చేత్తో రాసింది అదే.”

బావ కట్టు ముడి వేసి, లేచి చేతులు కడుక్కున్నాడు. లోపలికి వెళ్ళి అలమరలోంచి పాత ఫైలు తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు. మేనేజరు మీద అక్క ఇచ్చిన ఫిర్యాదు, పోలీసుల విచారణ కాగితాలు. వాటిలో చివరిది అక్క పోయాక నెలకి వచ్చింది. కవరు విప్పారు గానీ దాన్ని అప్పుడు ఎవరూ సరిగ్గా చదవలేదు.

చదివాడు. మేనేజరుకీ ఆ బ్రీడర్‌కీ చుట్టరికమే లేదు. ఒకే వీధిలో పుట్టి పెరిగినవాళ్ళు. ఒకరింట్లో ఒకరు పడి తిరిగేవాళ్ళు కాబట్టి అందరూ చుట్టాలనుకున్నారు. అక్క కూడా అలాగే అనుకుంది.

“నీకు ముందే తెలుసా?” అని అడిగాడు.

“తెలుసు. చెప్పి ఏం చేస్తాను? ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను, నీ బుధవారాలు చూసేదాకా.” బావ ఆ కాగితం తిరిగి ఫైల్లో పెట్టాడు. “అది మీ అక్క కోపంలో రాసిందిరా. ఆవిడ కోపంలో రాసింది ఏదైనా మర్నాడు పొద్దున్న తీసి మళ్ళీ చదువుకునేది, సగం కొట్టేసేది. దీనికి ఆ మర్నాడు దొరకలేదు.”

కట్టు కట్టిన కుక్క లేచి, కుంటుకుంటూ వెళ్ళి గిన్నె నాకింది.

మర్నాడు పొద్దున్న అతను అక్క కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అక్క బదులు తను చదవాలి, అక్క ఎలా చదివేదో అలా. సాయంత్రానికి ఒక పేజీ తయారైంది. దాన్ని కమిటీకి పంపాడు. ఎదుటి పక్షం తరఫున సంఘం పెద్ద, ఆ మీసాలాయన, చదువుతాడని నోటీసులో ఉంది. సరే, ఆయన ఇంకోసారి నవ్వుకుంటాడు.

ఆఖరి విచారణ రోజు ఆమె కూడా వచ్చింది, వెనక వరసలో. అతను చూశాడు, ఆమె చూసింది, ఇద్దరూ గోడ గడియారం చూశారు. హాలు గుమ్మంలో బావ నిలబడ్డాడు. టీకాల లెక్క ఏదో ఇవ్వాలని వచ్చాడట, ఆ లెక్క ఎవరూ అడగలేదు.

మీసాలాయన లేచి అతని కాగితం అందుకున్నాడు. కళ్ళు పైనుంచి కిందికి నడిచాయి. అడుగున ఆగాయి. తలెత్తి అతన్ని చూశాడు, తర్వాత వెనక వరసకేసి చూశాడు. చొక్కా జేబులోంచి కళ్ళజోడు బయటికి కనబడుతూనే ఉంది.

“కళ్ళజోడు తేలేదమ్మా. నువ్వు చదివిపెట్టు,” అని ఆమె చేతికి ఇచ్చి కూర్చున్నాడు.

వద్దనడానికి అతను సగం లేచాడు. జడ్జిగారు కూర్చోమన్నట్టు చెయ్యి చూపించారు.

“పద్నాలుగో నిబంధన నేనే అడిగాను,” అని ఆమె మొదలుపెట్టింది. “దాన్ని మార్చమని ఇప్పుడు నేనే అడుగుతున్నాను. మా షెల్టర్‌లో మోసం చేసినవాడికీ ఆ కుక్కల్ని తీసుకున్నవాడికీ చుట్టరికం లేదు. ఈ నిబంధన అప్పటికే ఉన్నా వాళ్ళని ఆపేది కాదు. విచారణ కాగితాలు జత చేశాను. చుట్టరికాన్ని కాదు, దాపరికాన్ని నిషేధించండి. షెల్టర్ వాళ్ళకి ఏ పెంపకందారుతో సంబంధం ఉన్నా ముందే రాసి ఇవ్వాలి. ఒకరి దగ్గరి జంతువు మరొకరి దగ్గరికి చేరకూడదు. వాళ్ళ రిజిస్టర్లు బయటి డాక్టరు చూడాలి. చచ్చిపోయిందని రాస్తే ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి.”

ఇక్కడ ఆమె చివరి పేరాకి వచ్చింది.

“ఈ మార్పు వల్ల నాకు లాభం ఉంది. అది చెప్పకుండా అడగడం తప్పు. నేను ఒక పెంపకందారుని…” ఆమె ఆగింది. ఇన్ని బుధవారాల్లో ఆమె ఆగడం అదే మొదలు.

“అక్కడితో ఆపవచ్చమ్మా,” అన్నారు జడ్జిగారు మెల్లగా. “మిగతాది నేను చూసుకుంటాను.”

“చివరి అక్షరం దాకా చదవాలని మీరే కదండీ అన్నారు,” అంది ఆమె. కాగితం కాస్త దగ్గరికి పట్టుకుంది. “నేను ఒక పెంపకందారుని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను. ఆవిడని ఇంకా అడగలేదు. ఆవిడ కాదన్నా నా వాదన ఇదే. ఈ కారణంగా నా మాటకి విలువ తగ్గించాలనుకుంటే తగ్గించండి. అక్క బతికి ఉంటే ఈ నిబంధనని మళ్ళీ చదువుకునేది. ఆమె బదులు నేను చదివాను.”

అతను బల్ల మీద తన రెండు చేతులకేసి చూసుకుంటున్నాడు.

“పెంపకందారుల అభ్యంతరం ఏమైనా ఉందా?” అన్నారు జడ్జిగారు.

“ఒకటి ఉందండీ.”

“చెప్పండి.”

“‘ఆవిడని ఇంకా అడగలేదు’ అని రాశారు. కమిటీని అడిగే ముందు ఆవిడని అడగాల్సింది.”

ముందుగా నవ్వింది మీసాలాయనే. తర్వాత హాలంతా. జడ్జిగారు మాత్రం నవ్వకుండా, అభ్యంతరం న్యాయంగానే ఉందని గుమాస్తా చేత రాయించి, పది నిమిషాలు విరామం అన్నారు.

మెట్ల మీద వాన దంచి కొడుతోంది. ఆ రోజు ఇద్దరూ ఒకే స్తంభం దగ్గర నిలబడ్డారు.

“ఆ రోజు మీరు అభ్యంతరం లేదన్నారు,” అన్నాడు అతను.

“మీ అక్కగారు ఆసుపత్రిలో రాసిన మాట అది. నాకు అడ్డమొచ్చింది కాబట్టి తీసెయ్యండి అని ఏ ముఖంతో అడుగుతాను? మీరు ఏదైనా అంటారేమోనని చూశాను. మీరు లేచి, ఏమీ లేదని కూర్చున్నారు.”

“మీరు కాగితాలు సర్దేసుకుంటున్నారు.”

“చేతులు ఖాళీగా ఉంటే వణుకుతాయని సర్దుకున్నాను,” అంది. “నెల రోజులు. ఒక్కసారి రావచ్చు కదా. నాలుగు స్టాపులే.”

నాలుగు స్టాపులని ఆమె కూడా లెక్కపెట్టిందన్నమాట. అతనికి చెప్పాలనుకున్నవన్నీ ఒక్కసారిగా గుమ్మంలో తోసుకున్నట్టయ్యాయి. చివరికి అడగాల్సింది ఒక్కటే అడిగాడు. కాగితం లేదు, ఎవరూ దిద్దిపెట్టలేదు. అయినా మాట ఎక్కడా ఆగలేదు.

వాన జల్లు లోపలికి కొడుతుంటే ఆమె ఒక అడుగు ఇవతలికి జరిగింది. కాసేపు అతని కాళ్ళకేసి చూస్తూ నిలబడింది.

“మీ షెల్టర్‌లో రోజుకో కొత్త కుక్క వస్తుంది. ఏ జబ్బు తెస్తుందో తెలీదు. ఆ జబ్బులు చెప్పుల మీదే నడిచి వస్తాయి,” అంది. “మా ఇంట్లో టీకాలు పడని కూనలున్నాయి. ఈ చెప్పులతో మీరు మా గుమ్మం ఎక్కడానికి వీల్లేదు.”

“ఎక్కను,” అన్నాడు అతను, ముఖం పాలిపోయి.

“గేటు బయట విప్పెయ్యాలి. మందు నీళ్ళ తొట్టెలో కాళ్ళు కడుక్కోవాలి. లోపల వేసుకోవడానికి వేరే జత ఉండాలి. అది మా ఇంట్లోనే ఉంటుంది, ఎప్పటికీ.” ఆమె చేతిలోని కాగితం మడిచి, పెన్ను తీసింది. “మీ కాలి సైజు ఎంత?”

అతనికి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

“తొమ్మిది,” అన్నాడు.

కమిటీకి తిరిగి ఇవ్వాల్సిన ఆ కాగితం వెనక ఆమె తొమ్మిది అని రాసుకుంది.